అన్ని చేతిపనుల మాస్టారు

చిత్రకారుడు, కుడ్యచిత్రాల శిల్పి, నేత డిజైనరు, బొమ్మలు చేసే మనిషి, పిల్లల కథకుడు, కళా విమర్శకుడు. ఇన్ని పనులనూ ఒకే పనిగా చేసి, ఒకే పాఠంగా చెప్పిన గురువు కె.జి. సుబ్రమణ్యన్. లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం బరోడా వెళ్ళి నేర్చుకున్నది ఈ మాస్టారి దగ్గరే.

లక్నోలో చార్‌బాగ్ స్టేషన్ దిగి బయటికొస్తే దగ్గర్లోనే రవీంద్రాలయం ఉంటుంది. టాగూర్ శతజయంతి గుర్తుగా కట్టిన నాటకశాల అది. దాని ముఖభాగం మీద 81 అడుగుల పొడవున, 9 అడుగుల ఎత్తున కాల్చిన మట్టిపలకల చిత్రం ఒకటి పరుచుకుని ఉంది. టాగూర్ రాసిన ‘రాజా’ నాటకం దాని ఇతివృత్తం. రాజు చీకటిగదిలోనే రాణిని కలుస్తాడు. ఆయన ముఖాన్ని వెలుగులో చూడాలన్నది రాణి సుదర్శన ఆరాటం. ఈ కథ చెప్పడానికి చిత్రకారుడు రంగుల జోలికి పోలేదు, మట్టిని పట్టుకున్నాడు. కొన్ని పలకలకు మెరుగు పూశాడు, కొన్నిటిని కాలిన మట్టిగానే వదిలేశాడు. ఎండ పడ్డప్పుడు మెరుగున్న పలక వెలుతురును విసిరికొడుతుంది, మెరుగులేనిది లోపలికి తాగేస్తుంది. చీకటి వెలుగుల నాటకానికి ఇంతకన్నా తగిన పదార్థం దొరకదనిపిస్తుంది.

ఆ పని 1963 నాటిది. చేసింది బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో బొమ్మలు వేయడం నేర్పే మాస్టారు, కల్పాత్తి గణపతి సుబ్రమణ్యన్. అప్పటికి ఆయనకు 39 ఏళ్ళు. సరిగ్గా అదే ఏడాది మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన ఒక యువకుడు హైదరాబాద్‌లో డిప్లొమా ముగించుకుని, కుడ్యచిత్రణం, ప్రింట్‌మేకింగ్ నేర్చుకోవడానికి బరోడాలో ఈయన దగ్గర చేరారు. ఆయనే కె. లక్ష్మాగౌడ్. కొన్నేళ్ళకు, 1970ల మొదట్లో, ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ఫెలోషిప్పు మీద తోట వైకుంఠం కూడా అక్కడికే వెళ్ళారు. లక్ష్మాగౌడ్ మేకలు, వైకుంఠం బొట్టు పెట్టుకున్న పల్లె పడతులు మనకు ఇంట్లో మనుషులంత పరిచయం. వాళ్ళ గురువు పేరు మాత్రం మన దగ్గర అంతగా వినపడదు. చిత్రకారుడు హుసేన్ పేరు తెలిసినంతమందిలో పదోవంతు మందికైనా సుబ్రమణ్యన్ పేరు తెలుసా అన్నది అనుమానమే.

దీనికి కారణం ఆయన ఎంచుకున్న దారిలోనే ఉంది. గోడ మీద బొమ్మను వేలం వేయలేరు, ఇంటికి తీసుకెళ్ళలేరు. సంతలో కొన్న చెక్కబొమ్మతో పిల్లలు ఆడుకుని విరగ్గొట్టేస్తారు. తరగతి గదిలో చెప్పిన పాఠానికి సంతకం ఉండదు. సుబ్రమణ్యన్ తన శక్తిలో చాలా భాగం ఇలాంటి చోట్లే ఖర్చు చేశారు, అదీ తెలిసే చేశారు.

మాహే నుంచి శాంతినికేతన్ దాకా

1924 ఫిబ్రవరి 15న ఉత్తర కేరళలోని కూత్తుపరంబలో, తమిళ కుటుంబంలో పుట్టారు సుబ్రమణ్యన్. పెరిగింది మాహేలో. మన యానాం లాగే మాహే కూడా అప్పట్లో ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న చిన్న ఊరు. ఇంట్లో తమిళం, వీధిలో మలయాళం, కచేరీలో ఫ్రెంచి, ఊరు దాటితే ఇంగ్లిష్. చిన్నప్పుడే ఇన్ని భాషల మధ్య మసిలినవాడికి, ఒక్క మాధ్యమంలోనే పని చేయాలన్న నియమం ఎందుకో అర్థమై ఉండదని నా ఊహ.

చదువు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో, అదీ అర్థశాస్త్రం. చిత్రకళకు దానికి సంబంధం లేదనుకుంటాం గానీ, ఆయన తరవాత రాసినవి చదివితే సంబంధం తెలుస్తుంది. ఒక వస్తువును ఎవరు చేస్తున్నారు, ఎవరికోసం చేస్తున్నారు, చేసినవాడికి తిండి ఎలా గడుస్తోంది అన్న ప్రశ్నలు లేకుండా ఆయన కళ గురించి మాట్లాడరు. గాంధీ ప్రభావం గట్టిగా ఉన్న కుర్రతనం. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోకి దిగి జైలుకెళ్ళారు. బయటికొచ్చేసరికి ప్రభుత్వ కాలేజీల తలుపులు మూసేశారు. డిగ్రీ చేజారింది.

ఆ మూసిన తలుపే ఆయన్ను 1944లో శాంతినికేతన్ కళాభవన్‌కు చేర్చింది. అక్కడ ఆయనకు దొరికిన ముగ్గురు గురువులు ఎవరికి వారే ఒక బడి. నందలాల్ బోస్ 1938లో గాంధీ అడగ్గా హరిపుర కాంగ్రెస్ మహాసభ పందిళ్ళ కోసం పల్లె పనివాళ్ళను, వాద్యగాళ్ళను పోస్టర్లుగా గీసిన మనిషి. పెళ్ళి ముగ్గైనా, నాటకానికి తెరైనా, ఉత్తరం ముక్క మీద బొమ్మైనా ఆయనకు సమానమే. రామ్‌కింకర్ బైజ్ కంచుకు డబ్బుల్లేక సిమెంటు, ఎర్రకంకర కలిపి, ఆరుబయట సంతాల్ కుటుంబాన్ని నిలబెట్టిన శిల్పి. మూడో ఆయన వినోద్ బిహారీ ముఖర్జీ. పుట్టుకతోనే చూపు తక్కువ. 1946-47లో అక్కడి హిందీభవన్ మూడు గోడల మీద మధ్యయుగ సాధుసంతుల జీవితాన్ని ఆయన చిత్రించేటప్పుడు సాయంగా నిలబడిన విద్యార్థుల్లో సుబ్రమణ్యన్ ఒకరు.

ఆ పని తీరు చెప్పుకోవాలి. తడి సున్నం మీద వేసే బొమ్మకు గడువు ఉంటుంది. ఆ రోజుకు ఎంత గోడ వేయగలరో అంతకే సున్నపు పూత పూస్తారు. పూత ఆరేలోగా రంగు పడాలి. ఆరాక దిద్దుబాటు లేదు. మామూలుగా గోడంత కాగితం మీద నమూనా గీసుకుని దాన్ని గోడకెక్కిస్తారు. వినోద్ బిహారీ ఆ పూర్తి నమూనా కూడా లేకుండానే గోడ మీదికి వెళ్ళారు. సరిగా చూపు ఆనని మనిషి, చెరపడానికి వీల్లేని గోడ, ఆరిపోతున్న సున్నం. పక్కన నిలబడి ఇది చూసిన ఇరవై రెండేళ్ళ కుర్రాడికి చెయ్యి ఎలా ఆలోచిస్తుందో వేరే పాఠం అక్కర్లేకపోయింది. వినోద్ బిహారీ 1957లో చూపు పూర్తిగా కోల్పోయాక కూడా కాగితాలు కత్తిరించి, మట్టి పిసికి, 1972లో కళాభవన్ గోడకు పలకల చిత్రం ఒకటి చేశారు. ఆయన బెంగాలీలో రాసుకున్న ‘చిత్రకర్’ను చాలా ఏళ్ళ తరవాత ఇంగ్లిష్‌లోకి తెచ్చింది శిష్యుడు సుబ్రమణ్యనే. గురువు రుణం ఇలా అనువాదంగా తీర్చుకున్న చిత్రకారులు అరుదు.

మగ్గం ముందు కూర్చున్న మాస్టారు

బరోడాలో ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ 1950లో మొదలైంది. హంసా మెహతా వైస్ చాన్సలర్‌గా ఉన్న కాలం. విశ్వవిద్యాలయంలో మిగతా చదువుల పక్కన, సమానమైన పట్టాతో చిత్రకళ నేర్పాలన్నది అప్పటికి కొత్త ఆలోచన. 1951లో సుబ్రమణ్యన్ అక్కడ లెక్చరర్‌గా చేరారు. 1955-56లో లండన్ స్లేడ్ స్కూలుకు వెళ్ళొచ్చారు. 1966-67లో న్యూయార్క్. రెండు చోట్లా చూడాల్సినవి చూశారు, తిరిగొచ్చి తన పని చేసుకున్నారు. ఆయన్ను మలుపు తిప్పిన ప్రయాణం ఈ రెండూ కావని నాకనిపిస్తుంది. ఆ మలుపు బొంబాయిలో ఉంది.

1959లో ఆయన బరోడా వదిలి అఖిల భారత చేనేత బోర్డులో డిజైన్ విభాగం డిప్యూటీ డైరెక్టర్‌గా వెళ్ళారు. అప్పట్లో పుపుల్ జయకర్ చొరవతో చేనేత సేవా కేంద్రాలు చిత్రకారులను పనిలోకి తీసుకుంటున్నాయి. ప్రభాకర్ బర్వే, జోగెన్ చౌధురి వంటి వాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడ జీతం తీసుకుని పని చేసినవాళ్ళే. సుబ్రమణ్యన్ రెండేళ్ళే ఉన్నా, ఆ తరవాత కూడా 1966 దాకా సలహాదారుగా కొనసాగారు.

మగ్గం దగ్గర చిత్రకారుడి అహం నిలవదు. కాగితం మీద గీత ఎటు కావాలంటే అటు వంగుతుంది. నేతలో ప్రతి వంపూ పడుగూ పేకా లెక్కకు లొంగాల్సిందే. పోచంపల్లి, పుట్టపాక ఇళ్ళలో చిటికి కట్టి నూలుకు రంగు అద్దడం చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. అక్కడ పువ్వు అంచులు మెట్లుమెట్లుగా విరగడం లోపం కాదు, నూలు తన మాట తాను చెప్పుకోవడం. సుబ్రమణ్యన్ తన వ్యాసాల్లో ఈ సంగతినే పదేపదే పట్టుకున్నారు. పదార్థానికి ఒక స్వభావం ఉంది, పనిముట్టుకు ఒక స్వభావం ఉంది, ఆ రెంటితో చెయ్యి జరిపే సంభాషణలోంచి రూపం పుడుతుంది. కుమ్మరి నుంచి చిత్రకారుడి దాకా ఉన్నది ఒకే వరస, మధ్యలో మనం కట్టిన మెట్లు తరవాత వచ్చినవి.

ఈ మాట సెమినార్లలో చాలామంది చెబుతారు. ఆయన చేసి చూపించారు. 1961లో బరోడాకు తిరిగొచ్చాక, 1960లలో అక్కడ మొదలైన ఫైన్ ఆర్ట్స్ సంతకు ఆయనే ప్రాణం. ప్రొఫెసర్లు, విద్యార్థులు కలిసి చేసిన బొమ్మలు, అచ్చులు, వస్తువులు ఊళ్ళోవాళ్ళకు అందుబాటు ధరకు అమ్మేవాళ్ళు. వాటిలో సుబ్రమణ్యన్ చేసిన ఆటబొమ్మలు ఇవాళ కళాచరిత్రలోకెక్కాయి. తరిణె పట్టిన చెక్కముక్క ఒళ్ళు, తోలుముక్క చెవి, పూస కన్ను. ఏ ముక్కకు ఆ ముక్క విడిగా ఏమీ కాదు. కలిపితే ఏనుగు, కలిపితే గుర్రం, ఇంకోలా కలిపితే మనిషి. మన ఏటికొప్పాక లక్కపని, కొండపల్లి పొణికి చెక్క తెలిసినవాళ్ళు వీటిని చూడగానే గుర్తుపడతారు. చిన్న చిన్న భాగాలు కొన్ని పెట్టుకుని వాటి కలయికలతో లెక్కలేనన్ని రూపాలు పుట్టించడం ఆయనకు బొమ్మల్లోనూ, మట్టిపలకల్లోనూ, పిల్లల పుస్తకాల్లోనూ ఒకటే పద్ధతి.

1968 నుంచి 1974 దాకా ఆయన ఆ ఫ్యాకల్టీకి డీన్. డీన్ కుర్చీలో ఉన్న మనిషి చెక్కబొమ్మకు తోక అతికిస్తూ కూర్చోవడం మన విశ్వవిద్యాలయాల్లో ఊహించగలమా? మన దగ్గర బడిలో డ్రాయింగు పీరియడు వస్తే లెక్కల మాస్టారు మిగిలిపోయిన పాఠం చెప్పుకోవడానికి అడిగి తీసుకుంటారు. చేతిపని తెలివితక్కువ పిల్లలకు అనే నమ్మకం ఇంట్లోనూ ఉంది, బడిలోనూ ఉంది. సుబ్రమణ్యన్ జీవితం పొడుగునా వాదించింది ఈ నమ్మకంతోనే.

మట్టి చేసిన సైన్యాధిపతులు

చేతిపనుల మీద ప్రేమ అనగానే మెత్తని మనిషి, అందమైన వస్తువులు అనుకుంటారేమో. 1971 బంగ్లాదేశ్ యుద్ధం తరవాత ఆయన చేసిన టెర్రకోట ఫలకాలు చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. పల్చటి మట్టిపలకను ఆయన తోలు లాగానో, గుడ్డ లాగానో వాడుకున్నారు. కోసి, మడిచి, కుచ్చిళ్ళు పెట్టి, నొక్కి, గిల్లి. ఆ మడతల్లోంచి సైన్యాధికారులు వచ్చారు. ఛాతీ నిండా పతకాలు. వాళ్ళ చుట్టూ తెగిన చేతులు, కాళ్ళు, జయచిహ్నాల్లాగా. చలిమిడి పిసికినట్టు పిసికిన మెత్తటి మట్టి, బట్టీలో కాలి అంత కఠినమైన మాట చెప్పడం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. మట్టికి మనిషి చర్మానికి ఉన్న దగ్గరితనాన్ని ఆయన అక్కడ నిర్దయగా వాడుకున్నారు. నా మటుకు నాకు, ఆయన పని మొత్తంలో మొదట చూపించాల్సినవి ఈ చిన్న ఫలకాలే.

పిల్లల కోసం చేసిన పుస్తకాల్లోనూ ఈ కోపం తొంగిచూస్తుంది. దేవుడు మొదట జంతువులన్నిటినీ ఒకేలా చేశాడన్న ఊహతో మొదలయ్యే పుస్తకం 1969లో వచ్చింది. బొమ్మలూ ఆయనవే, మాటలూ ఆయనవే. అది ఆటపాటల పుస్తకం. ‘ది టేల్ ఆఫ్ ది టాకింగ్ ఫేస్’ అలా కాదు. అది ఎమర్జెన్సీ మీద రాసిన కథ, పైకి మాత్రం పిల్లల పుస్తకం. పిల్లలకు రాజ్యం గురించి చెప్పకూడదని ఆయన అనుకోలేదు.

అద్దం వెనక నుంచి

1970ల చివర్లో ఆయన చెయ్యి గాజు మీద పడింది. తంజావూరు అద్దం పటాలు మన ఇళ్ళలోనూ దేవుడి మూల ఉండేవి. కృష్ణుడో, లక్ష్మీదేవో, గాజు వెనక నుంచి మెరుస్తూ. ఆ పద్ధతిని ఆయన తీసుకున్నారు.

కాన్వాసు మీద ముందు నేపథ్యం వేస్తారు, తరవాత ఒళ్ళు, తరవాత కళ్ళు, ఆఖర్న కంటిలో తెల్ల చుక్క. గాజు మీద అంతా తలకిందులు. బొమ్మను గాజుకు వెనక వైపు వేస్తాం, చూసేవాళ్ళు ముందు నుంచి చూస్తారు. కాబట్టి ఆ తెల్ల చుక్కే ముందు పడాలి. తరవాత కనుపాప, తరవాత కన్ను, తరవాత ముఖం, చిట్టచివర నేపథ్యం. ఒకసారి పైన రంగు పడ్డాక కింది గీత మారదు. కుడి ఎడమలు కూడా తారుమారు. అంటే చిత్రకారుడు బొమ్మ పూర్తయ్యాక ఎలా ఉంటుందో ముందే మనసులో చూసి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ రావాలి. హిందీభవన్ గోడ దగ్గర నేర్చుకున్న పాఠం ముప్పై ఏళ్ళ తరవాత గాజు పలక మీద ఇలా పనికొచ్చింది.

ఆ గాజు వెనక ఆయన పెట్టిన లోకం సరదాగానూ ఉంటుంది, ఇబ్బంది పెట్టేదిగానూ ఉంటుంది. మేడ మీద కూర్చున్న ఆడవాళ్ళు, వాళ్ళ పక్కన పిల్లులు, కోతులు, మేకలు. సింహం పక్కన నిలబడ్డ ఇల్లాలు దుర్గా, మన పక్కింటావిడా అన్నది తేలదు. సినిమా పోస్టరు రంగులు, కాళీఘాట్ పటాల గీత, బజారు క్యాలెండరు దేవతల సోకు, అన్నీ కలిసిపోతాయి. ‘బహురూపి’ పేరుతోనూ ఆయన బొమ్మలు వేశారు. బహురూపి అంటే మన పగటివేషగాడే. పొద్దున శివుడు, మధ్యాహ్నం పోలీసు, సాయంత్రం బిచ్చగాడు. వేషం మారినా కాళ్ళు మాత్రం అవే. దేవతలకూ మనుషులకూ మధ్య రాకపోకలు ఇంత సులువుగా జరిగే దేశంలో పుట్టాం కాబట్టే ఇలాంటి బొమ్మలు సాధ్యమని ఆయన నమ్మారు. బొంబాయి ప్రోగ్రెసివ్ చిత్రకారులు పాతదాన్ని తెంచుకుని బయటపడాలని తహతహలాడిన కాలంలో, ఈయన పాతదాంట్లో ఇంకా ప్రాణమున్నదేదో వెతుక్కున్నారు. సంప్రదాయం అనే మాటను పూజగదిలో పెట్టలేదు, పనిగదిలో పెట్టారు.

ఆయన బొమ్మల్లో అలంకారం మరీ ఎక్కువని, కన్ను ఒకచోట నిలవదని కొందరికి అనిపించవచ్చు. కొన్ని చిత్రాల దగ్గర నాకూ అలాగే అనిపిస్తుంది. అయితే అదే చిత్రకారుడు నలుపు తెలుపుల్లోకి వచ్చినప్పుడు ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. ఆ నలుపు తెలుపు గోడల సంగతి కాసేపట్లో.

గురువు జాడ కనపడని శిష్యులు

గొప్ప చిత్రకారుడి దగ్గర చదివినవాళ్ళకు ఒక ప్రమాదం ఉంటుంది. గురువు గీత చేతికి అంటుకుపోతుంది. సుబ్రమణ్యన్ శిష్యులను వరసగా నిలబెట్టి చూడండి, ఒకరి పని ఇంకొకరి పనిలా ఉండదు, ఎవరి పనీ గురువు పనిలా ఉండదు. గులాం మహమ్మద్ షేక్ కథలు కథలుగా విచ్చుకునే బొమ్మలు వేశారు. జ్యోతి భట్ కెమెరా పట్టుకుని పల్లె గోడల మీద ఆడవాళ్ళు వేసే బొమ్మలను, ముగ్గులను, పచ్చబొట్లను జీవితకాలం పాటు ఫొటోలుగా భద్రపరిచారు. హకూ షా ఆదివాసీ కళల దగ్గరికి వెళ్ళారు.

అందరిలోకీ ఆశ్చర్యం మృణాళినీ ముఖర్జీ. ఆమె సుబ్రమణ్యన్ గురువు వినోద్ బిహారీ కూతురు. బరోడాలో కుడ్యచిత్రణం చదవడానికి వచ్చింది. నారతో, తాడుతో ఏదైనా చేసి చూడమని ప్రోత్సహించింది సుబ్రమణ్యనే. ఆ తాడు ఆమెకు జీవితకాలపు పదార్థమైంది. మగ్గం లేదు, సూది లేదు. రంగు అద్దిన నారతాడును వేళ్ళతో ముడి మీద ముడి వేసుకుంటూ మనిషి ఎత్తుకు మించిన యక్షులను, వనదేవతలను నిలబెట్టింది. 2015లో ఆమె కన్నుమూసిన నాలుగేళ్ళకు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆమె పని మొత్తాన్ని ప్రదర్శనకు పెట్టింది. తండ్రి దగ్గర తాను నేర్చుకున్నదాన్ని సుబ్రమణ్యన్ కూతురికి తిరిగి అప్పగించారనుకుంటే మనసు నిండుతుంది.

మనవాళ్ళ సంగతికొస్తే, లక్ష్మాగౌడ్ బరోడాలో నేర్చిన ప్రింట్‌మేకింగ్‌ను హైదరాబాద్ తెచ్చి, రాగిరేకు మీద సన్నటి గీతలతో నిజాంపూర్‌ను చెక్కారు. తుమ్మచెట్లు, మేకలు, పల్లె ఆడామగా, వాళ్ళ మధ్య దాపరికం లేని కోరిక. అక్కడితో ఆగలేదు. టెర్రకోట, కంచు, గాజు వెనక చిత్రం, అన్నీ చేతిలోకి తీసుకున్నారు. కొంతకాలం దూరదర్శన్‌లో పని చేసి, తరవాత హైదరాబాద్ విశ్వవిద్యాలయం సరోజినీ నాయుడు స్కూల్లో పాఠాలు చెప్పి, డీన్‌గా 2001లో రిటైరయ్యారు. ఒకే మాధ్యమానికి కట్టుబడకపోవడం, పాఠం చెప్పడాన్ని పనిలో భాగం చేసుకోవడం, ఈ రెండూ గురువు నడిచిన దారులే. గీత మాత్రం అచ్చంగా మెదక్ గీత.

వైకుంఠం కథ ఇంకోలా నడిచింది. బరోడా నుంచి తిరిగొచ్చాక ఆయన బొమ్మ తన సొంత ఊరి మనుషుల దగ్గర స్థిరపడింది. నల్లటి మేని చాయ, నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ, ఎర్రచీర, పచ్చరవిక, కొప్పులో పూలు. రంగు కలపకుండా ముద్దగా పెట్టడం ఆయన పట్టుదల. బి. నర్సింగరావు ‘దాసి’ సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ పురస్కారం కూడా అందుకున్నారు. బరోడాలో చదివి బరోడా బొమ్మ వేయకుండా, తన పల్లెను తాను కొత్తగా చూసుకోవడం ఆ బడి చేసిన మేలని నేను నమ్ముతాను.

పాఠం చెప్పడం, బొమ్మ చేయడం ఎంత ముఖ్యమో రాయడం కూడా ఆయనకు అంతే ముఖ్యం. 1978లో లలితకళా అకాడమీ వేసిన ‘మూవింగ్ ఫోకస్’, 1987లో ‘ది లివింగ్ ట్రెడిషన్’, తరవాత ‘ది క్రియేటివ్ సర్క్యూట్’. ఈ పుస్తకాల్లో వాదన పదునుగా ఉంటుంది, పాండిత్య ప్రదర్శన ఉండదు. పడమటి దేశాలు కళనూ చేతిపనినీ విడదీసి చూసిన పద్ధతి మన దేశానికి అలాగే దిగుమతి అయిందని, దానివల్ల పనివాడు దారిద్ర్యంలోకి, చిత్రకారుడు ఒంటరితనంలోకి పోయారని ఆయన బాధ. చెరియాల నకాశీ కుటుంబాలు గానీ, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు గానీ చదివితే తమ గురించే రాశారనుకుంటారు. వాళ్ళను జాలిపడి కాపాడమని ఆయన అనలేదు. తెలివైన పనివాళ్ళుగా వాళ్ళ దగ్గర నేర్చుకోమన్నారు.

ఎనభై అయిదేళ్ళ వయసులో పరంజా ఎక్కి

1980లో ఆయన బరోడా వదిలి, తాను చదువుకున్న కళాభవన్‌కు ప్రొఫెసర్‌గా వెళ్ళారు. 1989లో రిటైరైనా 2004 దాకా శాంతినికేతన్‌లోనే ఉండిపోయారు. అక్కడ ఆయన అందరికీ మణిదా. రోజూ గీసే అలవాటు. పోస్టుకార్డు దొరికితే పోస్టుకార్డు మీద, కాగితం ముక్క దొరికితే దాని మీద.

కళాభవన్‌లో నందలాల్, రామ్‌కింకర్, వాళ్ళ విద్యార్థులు 1930లలో మట్టితో కట్టి, తారు పూసి, ఒళ్ళంతా ఉబ్బెత్తు బొమ్మలు పెట్టిన నల్ల ఇల్లు ఒకటుంది. దానికి జవాబు చెప్పినట్టు సుబ్రమణ్యన్ డిజైన్ విభాగం భవనాన్ని తెల్లగోడల మీద నల్లబొమ్మలతో నింపేశారు. చెట్లు, పక్షులు, జంతువులు, మనుషులు, దేవతలు, కిటికీ చుట్టూ తిరిగి, మూల మలుపు దాటి, పై అంతస్తుకెక్కి ఆ భవనం మొత్తాన్నీ చుట్టేశారు. నలుపు, తెలుపు, మూడో రంగు లేదు. ఇక్కడ అలంకారం ఎక్కువైందన్న మాట ఎవరి నోటా రాదు. గోడ ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆయనకు తెలుసు.

బయటి గోడ కదా, వానలకు ఆ బొమ్మలు దెబ్బతిన్నాయి. 2009లో, 85 ఏళ్ళ వయసులో ఆయన మళ్ళీ వచ్చి, పరంజా ఎక్కి, ఆ గోడలను కొత్తగా చిత్రించారు. పాత బొమ్మ మీద పాత గీతే దిద్దడానికి ఆయన ఒప్పుకోలేదు, కొత్త బొమ్మలే వేశారు. మన పల్లెల్లో ఏటా సంక్రాంతికి గోడ అలికి, సున్నం వేసి, మళ్ళీ కొత్తగా బొమ్మలు తీర్చే ఇల్లాలికి ఈ పని వింతగా తోచదు. బొమ్మ చిరకాలం ఉండాలన్న ఆశ ఆమెకూ లేదు, ఆయనకూ లేదు. వేసే చెయ్యి ఉంటే చాలు.

మూడేళ్ళకు, 88 ఏళ్ళ వయసులో, ‘వార్ ఆఫ్ ది రెలిక్స్’ అనే చిత్రం చేశారు. 9 అడుగుల ఎత్తు, 36 అడుగుల వెడల్పు, నలుపు తెలుపు. మతాలు, వాటి చిహ్నాలు, ఆయుధాలు, మనిషీ మృగమూ కలగలిసిన రూపాలు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటున్న దృశ్యం. 1971లో మట్టిలో చెప్పిన మాటను నలభై ఏళ్ళ తరవాత మళ్ళీ, ఇంకా పెద్ద గొంతుతో చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు. అంతకుముందే 1975లో పద్మశ్రీ, 1981లో కాళిదాస్ సమ్మాన్, 2006లో పద్మభూషణ్ వచ్చాయి.

2004 నుంచి ఆయన నివాసం మళ్ళీ బరోడాయే. 2016 జూన్ 29న, 92 ఏళ్ళ వయసులో అక్కడే కన్నుమూశారు. శిష్యుడు లక్ష్మాగౌడ్‌కు పద్మశ్రీ వచ్చింది కూడా ఆ ఏడాదే.

ఆయన పని చూడాలంటే పెద్ద ఖర్చేమీ లేదు. శాంతినికేతన్ వెళ్ళినప్పుడు టాగూర్ ఇళ్ళు చూసి తిరిగొచ్చేయకుండా కళాభవన్ ఆవరణలోకి ఒక పూట నడవాలి. లక్నో మీదుగా అయోధ్యకో, నైమిశారణ్యానికో వెళ్ళే మన యాత్రికులు చార్‌బాగ్ దగ్గర కాసేపు ఆగి రవీంద్రాలయం ముందు నిలబడాలి. పుస్తకాలు కలకత్తా సీగల్ వాళ్ళు వేశారు. పిల్లల కోసం ఆయన చేసినవి పల్చటి పుస్తకాలు, మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. తెలుగులోకి తేవడం కష్టమేమీ కాదు. మన పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలు ఎవరైనా ఆ పనికి పూనుకుంటే, లెక్కల మాస్టారికి పోయిన డ్రాయింగు పీరియడులో కొంతైనా పిల్లలకు తిరిగి ఇచ్చినవాళ్ళవుతారు.